యాప్‌లో ఆఫ్, షెడ్డులో ఆన్: పూల్ పంప్‌ని స్మార్ట్ చేయబోయి నేను నేర్చుకున్నది

యాప్‌లో "ఆఫ్" అని ఉంది. దాని కిందే చిన్న అక్షరాల్లో 740 వాట్లు అని కూడా ఉంది. ఈ రెండూ ఒకేసారి నిజం కావడానికి వీల్లేదు. కానీ ఆ ఆదివారం పొద్దున్నే, సగం నిద్రలో ఉన్న నేను పైమాటే చూశాను. కింద అంకె చూడలేదు.

ఫోన్ ఎందుకు చూశానంటే, మా బాబాయ్ కూతురు పూల్ దగ్గర నుంచి అరిచింది. ఎనిమిదేళ్లుంటాయి తనకి.

"అన్నయ్యా, నిచ్చెన పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది!"

మంచం మీద నుంచే జవాబిచ్చాను. "పంప్ ఆఫ్‌లోనే ఉందిరా. నీళ్లు చల్లగా ఉంటాయి, అంతే."

ఆ మాట నమ్మి తను నీళ్లలో దిగి ఉంటే? ఈ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు. అదృష్టం కొద్దీ దిగలేదు. బాబాయ్‌కి యాప్‌ల మీద పెద్దగా గురి లేదు. పాపని గట్టు మీదే నిలబడమని చెప్పి, షెడ్డు దాకా నడిచి, తలుపు దగ్గరే ఆగి విన్నారు. వెనక్కి వచ్చి ఇంట్లో మెయిన్ స్విచ్ దించారు. తర్వాత నా గది గుమ్మంలో నిలబడి ఒకటే మాట అన్నారు: "నీ ఫోన్ ఏం చెప్పినా సరే, ఆడ మోటర్ తిరుగుతూనే ఉంది."

స్మార్ట్ ప్లగ్‌లు, స్మార్ట్ స్విచ్‌లు ఇంటికి తెచ్చుకుని, ఏదో ఒక దానికి తగిలించి, "హమ్మయ్య, ఆటోమేట్ అయిపోయింది" అనుకునే బ్యాచ్‌లో నేనూ ఒకణ్ని. మీరూ అదే బ్యాచ్ అయితే ఇది మీకోసమే. ఇంట్లో పూల్ ఉండక్కర్లేదు. బోరు మోటర్, సంపు మోటర్, గీజర్, ఏదున్నా చాలు.

అసలు సెటప్ ఏంటంటే

అప్పా జంక్షన్ దాటి చేవెళ్ల రోడ్డు పట్టుకుంటే మొయినాబాద్ వస్తుంది. ఆ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లకి లెక్కలేదు, వాటిలో చాలావాటికి చిన్నదో పెద్దదో ఒక పూల్ ఉంటుంది. బాబాయ్‌ది చిన్నదే. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటు లోతు 1.25 మీటర్లు. గుణిస్తే 40 ఘనపు మీటర్లు, అంటే 40 వేల లీటర్లు.

పూల్‌లో నీళ్లు ఊరికే నిలబడితే నాలుగు రోజుల్లో పచ్చబడతాయి. అందుకే సర్క్యులేషన్ పంప్ ఉంటుంది. నీటి అంచున ఉండే స్కిమ్మర్ అనే నోటి నుంచి, అడుగున ఉండే మెయిన్ డ్రెయిన్ల నుంచి నీళ్లు లాగుతుంది. ముందు ఒక బుట్టలో ఆకులు, వెంట్రుకలు ఆగిపోతాయి. ఆ తర్వాత సాండ్ ఫిల్టర్. వడకట్టిన నీళ్లు గోడల్లోని రిటర్న్ నాజిల్స్ గుండా మళ్లీ పూల్‌లోకే వస్తాయి. గుండె, కిడ్నీలు కలిపి ఒకే షెడ్డులో ఉన్నట్టు.

ఆ పంప్ 2 హెచ్‌పీ. రోజూ రెండు పూటలా కాపలా అతను వెళ్లి ఆన్ చేసి, ఆఫ్ చేసేవాడు. అతను ఊరెళ్తే పూల్ పచ్చగా మారేది. అది చూసి నా చేతులు ఊరుకోలేదు. 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ ఒకటి నా దగ్గర ఖాళీగా పడుంది. వాట్లు కొలిచే ఫీచర్ కూడా ఉంది. పంప్ తీసుకునేది 1,900 వాట్లు. ప్లగ్ కెపాసిటీ 3,600 పైనే. సగం కంటే కాస్త ఎక్కువ, అంతేగా? తగిలించేశాను. పొద్దున 6 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 8 షెడ్యూల్ పెట్టాను. మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. స్క్రీన్‌షాట్లు తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో కూడా పెట్టాను.

ఆ రాత్రి ఏం జరిగింది

ప్లగ్ కాలిపోలేదు కాబట్టి దాని మెమరీలో గ్రాఫ్ అంతా ఉంది. దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంటే కథ మొత్తం తెలిసింది.

శనివారం సాయంత్రం గాలివాన. ఏడింటి ప్రాంతంలో కరెంటు పోవడం, రావడం, మళ్లీ పోవడం. నా ప్లగ్‌లో "కరెంటు వచ్చాక పాత స్థితికి వెళ్లు" అనే ఆప్షన్ ఆన్‌లో ఉంది. కాబట్టి కరెంటు వచ్చిన ప్రతిసారీ మోటర్ మళ్లీ స్టార్ట్ అయింది. ఇక్కడే నా లెక్క తప్పింది. మోటర్ నడిచేటప్పుడు 9 ఆంపియర్లే తీసుకుంటుంది, నిజమే. కానీ స్టార్ట్ అయ్యే ఆ క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. అంటే 50 ఆంపియర్ల దాకా. ప్లగ్ మీద రాసిన 16 ఆంపియర్లు హీటర్ లాంటి లోడ్‌కి వర్తించే అంకె, మోటర్‌కి కాదు. ప్లగ్ లోపలి చిన్న రిలేలో రెండు లోహపు బిళ్లలు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. కలిసే క్షణంలో అంత కరెంటు పారితే నిప్పురవ్వ పుట్టి బిళ్లల ఉపరితలం కరుగుతుంది. ఒక్కోసారి అవి అలాగే అతుక్కుపోతాయి.

ఎనిమిదింటికి షెడ్యూల్ ప్రకారం ప్లగ్ "ఆఫ్" ఆర్డర్ ఇచ్చింది. యాప్‌లో బటన్ బూడిద రంగులోకి మారింది. రిలే మాత్రం అతుక్కునే ఉంది. ఇది యాప్ అబద్ధం చెప్పడం కాదు. యాప్ చూపించేది తను ఇచ్చిన ఆర్డర్‌ని, షెడ్డులో జరిగినదాన్ని కాదు. ఈ రెండింటికీ తేడా ఉందని ఇన్నేళ్లుగా గాడ్జెట్లు వాడుతున్న నాకు ఆ రోజే తట్టింది.

ఆ పైన ఇంకో తప్పు తోడైంది. ఆ వారం ఎండకి నీటిమట్టం బాగా తగ్గింది. శనివారం మధ్యాహ్నం నేనే ఫిల్టర్ కడిగి ఇంకొన్ని నీళ్లు బయటికి పంపాను, తిరిగి నింపలేదు. పైన తేలే ఆకులు బాగా లాగుతుందని మెయిన్ డ్రెయిన్ వాల్వ్ కూడా మూసి ఉంచాను. దాంతో స్కిమ్మర్ నోరు నీళ్ల కంటే పైకి తేలి, పంప్ గాలి పీల్చడం మొదలుపెట్టింది. గ్రాఫ్‌లో అర్ధరాత్రి దాటాక 1,900 వాట్ల గీత కాసేపు వణికి, 740 దగ్గరికి పడిపోయి, పొద్దుటి దాకా అలాగే ఉంది. నీళ్లు లేకుండా తిరగడం అంటే అదే, డ్రై రన్.

పంప్‌కీ మోటర్‌కీ మధ్య నీళ్లు దాటకుండా మెకానికల్ సీల్ ఉంటుంది. ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటూ తిరిగే రెండు నున్నటి రింగులు. వాటిని చల్లబరిచేది పంప్‌లోని నీళ్లే. నీళ్లు లేకపోతే కొద్ది నిమిషాల్లోనే సీల్ వేడెక్కి పాడవుతుంది. లోపల మిగిలిన కాసిన్ని నీళ్లు మరిగి, పక్కనున్న పీవీసీ యూనియన్ మెత్తబడి వంకరపోయింది. పాడైన సీల్ దాటి తడి మోటర్‌లోకి వెళ్లింది. వైండింగ్ నుంచి మోటర్ బాడీకి కరెంటు లీకైంది. బాడీకి వేసిన ఎర్త్ వైరు తుప్పుపట్టి ఎప్పుడో తెగిపోయి ఉంది. పంప్ నుంచి పూల్ దాకా రిటర్న్ పైపుల నిండా నీళ్లే. ఆ కరెంటుకి అది చాలు.

లీకైతే ట్రిప్ అవ్వాల్సిన ఆర్‌సీసీబీ ఏమైంది? బాక్సులో ఉంది. కానీ పోయిన వానాకాలంలో "ఊరికే పడిపోతోంది" అని ఎవరో ఎలక్ట్రీషియన్ దాన్ని తప్పించి వైర్లు డైరెక్ట్‌గా కలిపేశాడట. ఇప్పుడు ఆలోచిస్తే అది ఊరికే పడలేదు. అప్పటికే ఏదో చెబుతోంది, వినేవాళ్లు లేరు.

మళ్లీ మొదటి నుంచి: ఎంత పంప్ కావాలి?

మోటర్ కాలింది కాబట్టి కొత్త పంప్ ఎలాగూ కొనాలి. ఫోన్ కొనేముందు స్పెక్స్ చూసినట్టు ఈసారి లెక్కేసుకున్నాను.

ఇంటి పూల్‌లో నీళ్లన్నీ ఒకసారి ఫిల్టర్ గుండా వెళ్లడానికి 6 నుంచి 8 గంటలు పట్టినా ఫర్వాలేదు. మాకు రోజుకి రెండు విడతలు, 4 గంటల చొప్పున. విడతకి ఒకసారి మొత్తం నీళ్లు తిరగాలంటే గంటకి 10 ఘనపు మీటర్లు. అంటే 10 వేల లీటర్లు.

ఇప్పుడు ఫిల్టర్. మాది 500 మిల్లీమీటర్ల వ్యాసం. ఇసుక పైభాగం వైశాల్యం సుమారు 0.2 చదరపు మీటర్లు. సాండ్ ఫిల్టర్‌లో ఒక చదరపు మీటరుకి గంటకి 50 ఘనపు మీటర్లు మించి పంపకూడదు. అంటే ఈ ఫిల్టర్‌కి కూడా 10 దగ్గరే హద్దు. పైపుల రాపిడి, ఫిల్టర్, వాల్వ్ అన్నీ కలిపి 10 మీటర్ల హెడ్ వేసుకుంటే 1 హెచ్‌పీ పంప్ సరిపోతుంది.

మరి ఇన్నాళ్లూ 2 హెచ్‌పీ ఎందుకుంది? "పవర్ ఎక్కువుంటే నీళ్లు బాగా క్లీన్ అవుతాయి సార్" అని ఎవరో చెప్పారట. నిజానికి రివర్స్. నీళ్లు మరీ వేగంగా వెళ్తే సన్నటి మురికి ఇసుకలో ఆగదు, తోసుకుని పూల్‌లోకే తిరిగొస్తుంది. పూల్ ఎప్పుడూ కాస్త మసకగా ఎందుకుంటుందో అప్పుడు అర్థమైంది. పాత పంప్ రోజుకి 15 యూనిట్లు కాల్చేది. కొత్తది 1,100 వాట్లు, 8 గంటలకి 8.8 యూనిట్లు. నీళ్లు మాత్రం ముందుకంటే తేటగా ఉన్నాయి.

పెద్ద పంప్‌తో ఇంకో ప్రమాదం ఉంది. అడుగున ఒకే డ్రెయిన్ ఉండి, దాన్ని ఎవరైనా ఒంటితో మూసేస్తే, ఆ పీల్చే బలానికి పెద్దవాళ్లు కూడా విడిపించుకోలేరు. అమెరికాలో 2002లో ఏడేళ్ల పాప ఇలాగే ఒక డ్రెయిన్‌కి అతుక్కుని చనిపోయింది. ఆ తర్వాత 2007లో అక్కడ ఆ పాప పేరుతోనే, వర్జీనియా గ్రేమ్ బేకర్ చట్టం అని, ఒక ఫెడరల్ చట్టం తెచ్చారు. మీ పూల్‌లో ఒకదానికొకటి దూరంగా రెండు డ్రెయిన్లు ఉన్నాయా, వాటి మూతలు పగలకుండా, వదులవకుండా ఉన్నాయా అన్నది పంప్ కొనేముందే చూసుకోవాల్సిన విషయం.

బిగించేటప్పుడు చూసుకోవాల్సినవి

ప్లంబింగ్ పని మేస్త్రీతో పాటు కూర్చుని చేయించాను. ఇవి మాత్రం పట్టుబట్టి పెట్టించాను.

సక్షన్ పైపు 63 మిల్లీమీటర్లది. గంటకి 10 ఘనపు మీటర్లు లాగితే ఇందులో నీళ్ల వేగం సెకనుకి 1.1 మీటర్ల దగ్గర ఉంటుంది. 50 మిల్లీమీటర్ల పైపైతే 1.7 దాటేది. సక్షన్ వైపు 1.5 లోపే ఉండటం మంచిది. పైపు సన్నదైతే పంప్‌కి నీళ్లు అందవు, లోపల బుడగలు పుట్టి పగులుతూ ఇంపెల్లర్‌ని తినేస్తాయి. గులకరాళ్లు తిప్పుతున్నట్టు శబ్దం వస్తే అదే.

పంప్ నోటికి సరిగ్గా ముందు ఎల్బో పెట్టకూడదు. పైపు వ్యాసానికి ఐదు రెట్లు, అంటే సుమారు ఒక అడుగు, తిన్నగా ఉండాలి. లేదంటే నీళ్లు మెలితిరిగి లోపలికి వెళ్తాయి.

పంప్‌కి రెండు వైపులా వాల్వ్, రెండు వైపులా యూనియన్. పైపు కోయకుండా పంప్ ఊడదీయొచ్చు. ఫోన్ బ్యాటరీ ఊడదీసే రోజులు గుర్తున్నవాళ్లకి దీని విలువ తెలుస్తుంది.

కింద నాలుగు అంగుళాల కాంక్రీట్ దిమ్మె, దాని మీద రబ్బర్ మ్యాట్. మా వైపు పంపులు గోతిలో పెట్టడం మామూలే. పూల్ మట్టం కంటే కిందుంటే నీళ్లు వాటంతటవే పంప్‌లోకి వస్తాయి, ప్రైమింగ్ గొడవ ఉండదు. కానీ ఒక పెద్ద వాన చాలు, గోతిలో మోటర్ మునగడానికి. దిమ్మె, నీళ్లు బయటికి పోయే దారి, రెండూ ఉండాలి.

కరెంటు పని: ఇక్కడ డీఐవై వద్దు

వైరింగ్ నేను ముట్టుకోలేదు. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. మీరూ అదే చేయండి. కానీ ఏం పెడుతున్నారో మీకు తెలిసి ఉండాలి.

మొదటిది ఆర్‌సీసీబీ, 30 మిల్లీ ఆంపియర్లది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు మొత్తం న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అని ఇది చూస్తుంది. తేడా వస్తే, అంటే కొంత కరెంటు ఇంకో దారిన పోతుంటే, కన్ను మూసి తెరిచేలోపు ఆపేస్తుంది. ఎంసీబీ ఉంది కదా అనకండి. ఎంసీబీ కాపాడేది వైర్లని. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ.

రెండోది ఎర్తింగ్. కొత్త ఎర్త్ పిట్ వేయించి, మోటర్ బాడీతో పాటు స్టీల్ నిచ్చెన, రెయిలింగ్ లాంటి లోహపు భాగాలన్నిటినీ ఒకదానికొకటి కలిపించాం. దీన్ని బాండింగ్ అంటారు. అన్నీ ఒకే పొటెన్షియల్‌లో ఉంటే, ఒక చెయ్యి నిచ్చెన మీద, ఒక కాలు నీళ్లలో ఉన్నా వాటి మధ్య కరెంటు పారదు.

మూడోది కాంటాక్టర్, దానితో ఓవర్‌లోడ్ రిలే. కాంటాక్టర్ అంటే మోటర్ల కోసమే చేసిన దిట్టమైన స్విచ్. కొనేటప్పుడు ఏసీ-3 రేటింగ్ అడగాలి, మోటర్ లోడ్ అంకె అదే. మోటర్ కరెంటు అంతా దీని గుండా పోతుంది. నా స్మార్ట్ రిలే ఇప్పుడు చేసేది ఒక్కటే, ఈ కాంటాక్టర్ కాయిల్‌కి కరెంటు ఇవ్వడం, తీయడం. కాయిల్ తీసుకునేది కొద్ది వాట్లు. చిన్న రిలేకి అది తగిన పని.

నాలుగోది డ్రై రన్ రక్షణ. మోటర్ కరెంటు ఒక హద్దు కంటే పడిపోతే "నీళ్లు లేవు" అని అర్థం చేసుకుని ఆపేసే రిలే. వైఫై, క్లౌడ్, సర్వర్, దేనితోనూ పని లేదు.

ఐదోది, అన్నిటికంటే చవకైనది: షెడ్డు గోడ మీద చేత్తో దించే ఐసోలేటర్ స్విచ్. బుట్ట మూత తీసేముందు, వాల్వ్ తిప్పేముందు ఇది దించాల్సిందే. యాప్‌లో ఆఫ్ చేసి చెయ్యి పెట్టడం కుదరదు. మీ చెయ్యి లోపలుండగా షెడ్యూల్ టైమ్ అయితే?

పంప్, పైపులు కాకుండా ఈ కరెంటు సామాన్లకి, ఎర్త్ పిట్‌కి కలిపి నాకు పద్దెనిమిది వేల దాకా అయింది. నా స్మార్ట్ ప్లగ్ ఖరీదు పదిహేను వందలు. మొదటిసారే ఇవి పెట్టి ఉంటే పాత మోటర్ మిగిలేది.

వాట్లు చదవడం నేర్చుకుంటే

ఇంత జరిగాక స్మార్ట్ పార్ట్ పీకి పారేశావా అని ఫ్రెండ్స్ అడిగారు. లేదు. దాని ఉద్యోగం మార్చాను. ఇప్పుడది కాపలాదారు, డ్రైవర్ కాదు. మోటర్ లైన్ మీద క్లాంప్ లాంటి ఎనర్జీ మీటర్ పెట్టాను. ఆర్డర్ ఇచ్చేది ఒకటి, కొలిచేది వేరొకటి. "ఆఫ్ ఆర్డర్ ఇచ్చాక 10 సెకన్ల తర్వాత కూడా 20 వాట్ల కంటే ఎక్కువుంటే అలారం కొట్టు" అనే రూల్ రాశాను. ఆ రోజు ఇదొక్కటి ఉన్నా శనివారం రాత్రి ఎనిమిదింటికే ఫోన్ మోగేది. డేటా అంతా ప్లగ్‌లో ఉంది, దాన్ని అడిగిన నాథుడే లేడు.

గ్రాఫ్‌లో ఒక తమాషా ఉంది. ఫిల్టర్ మూసుకుపోతే మోటర్ కష్టపడి ఎక్కువ కరెంటు తాగుతుంది అనుకుంటాం. ఈ సెంట్రిఫ్యూగల్ పంపుల్లో జరిగేది వేరు. దారి మూసుకుపోతే నీళ్లు తక్కువ కదులుతాయి, చేసే పని తగ్గుతుంది, వాట్లు కూడా తగ్గుతాయి. నా పంప్ శుభ్రంగా ఉన్నప్పుడు 1,100. రోజూ కాస్త కాస్త తగ్గుతూ 1,000 దగ్గరికి వస్తే ఫిల్టరో, బుట్టో నిండిందని అర్థం. గీత వణుకుతుంటే గాలి పీలుస్తోందని అర్థం. మామూలు కంటే వాట్లు పెరిగితే బేరింగ్ బిగుసుకుంటోందేమో, వోల్టేజ్ ఎలా ఉందో చూడాలి.

నెలవారీ పనులు

వారానికోసారి: ఐసోలేటర్ దించి బుట్ట ఖాళీ చేయడం. నీళ్లు స్కిమ్మర్ నోటి సగం దాకా ఉన్నాయా చూడటం. మూత దగ్గర ఓ-రింగ్ తుడిచి పెట్టడం. దీనికి సిలికాన్ గ్రీజే రాయాలి. ఇంట్లో ఉంది కదా అని వాజెలిన్ రాస్తే కొన్ని రకాల రబ్బర్ ఉబ్బి పాడవుతుంది. మూత వదులైతే నీళ్లు బయటికి కారతాయి అనుకోకండి, సక్షన్ వైపు కాబట్టి గాలి లోపలికి వెళ్తుంది. రిటర్న్ నాజిల్స్ దగ్గర బుడగలు కనిపిస్తే మొదట అనుమానించాల్సింది ఈ మూతనే.

ప్రెజర్ గేజ్: ఫిల్టర్ కడిగిన రోజు ముల్లు ఎక్కడుందో గోడ మీద రాసి పెట్టుకోండి. మాది 0.7 బార్. అది 1.1 దాకా వస్తే బ్యాక్‌వాష్ టైమ్ అయినట్టు. పంప్ ఆపి, హ్యాండిల్ బ్యాక్‌వాష్‌కి తిప్పి, గాజు గొట్టంలో నీళ్లు తేటగా కనిపించే దాకా రెండు మూడు నిమిషాలు. మళ్లీ ఆపి, రిన్స్‌లో అర నిమిషం. మళ్లీ ఆపి, ఫిల్టర్‌కి. పంప్ తిరుగుతుండగా హ్యాండిల్ తిప్పితే లోపలి రబ్బర్ గ్యాస్కెట్ చిరుగుతుంది. అయ్యాక పూల్ నింపడం మరిచిపోవద్దు. ఈ మాట రాసే అర్హత నాకు బాగా ఉంది.

క్లోరిన్ బిళ్లలు పంప్ బుట్టలో వేసే అలవాటు కొందరికి ఉంది. వద్దు. పంప్ ఆగినప్పుడు ఆ ఘాటు నీళ్లు అక్కడే నిలిచి సీల్‌ని, లోహపు భాగాల్ని తినేస్తాయి. పూల్ నీళ్లలో క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉంటే మనిషికీ మంచిది, పంప్‌కీ మంచిది. మాది బోరు నీళ్లు, బాగా ఉప్పన. పీహెచ్ పెరిగితే పైపుల్లో తెల్లగా సున్నం పేరుకుంటుంది.

నెలకోసారి: ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కాలి. టక్కున పడిపోవాలి. పడకపోతే ఆ రోజు పూల్ బంద్.

తర్వాతి అప్‌గ్రేడ్: వేరియబుల్ స్పీడ్

అమెరికాలో 2021 జులై నుంచి వచ్చిన ఎనర్జీ రూల్స్ వల్ల, ఓ మోస్తరు సైజు దాటిన పూల్ పంపులు దాదాపు అన్నీ వేరియబుల్ స్పీడ్‌కి మారాయి. కారణం సింపుల్ ఫిజిక్స్. పంప్ వేగం సగం చేస్తే నీళ్లు సగం వస్తాయి, కావాల్సిన పవర్ మాత్రం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. రెట్టింపు సేపు నడిపినా, అన్నే నీళ్లు నాలుగో వంతు కరెంటుతో తిరుగుతాయి. మోటర్, డ్రైవ్ నష్టాల వల్ల నిజంగా మిగిలేది అంతకంటే తక్కువే అయినా, మిగులు పెద్దదే.

ఇది మీ ఇంటి మీది ట్యాంకు నింపే మోటర్‌కి పనిచేయదు. అక్కడ నీళ్లు ఎత్తుకి ఎక్కాలి. వేగం తగ్గిస్తే సగం దారిలోనే ఆగిపోతాయి. పూల్‌లో నీళ్లు బయల్దేరిన మట్టానికే తిరిగొస్తాయి, గెలవాల్సింది పైపుల రాపిడిని మాత్రమే. అందుకే ఈ లెక్క ఇక్కడ కుదురుతుంది.

అలాగని ఆన్‌లైన్‌లో ఒక వీఎఫ్‌డీ కొని ఉన్న పంప్‌కి తగిలించకండి. కెపాసిటర్‌తో నడిచే సింగిల్ ఫేజ్ మోటర్‌ని మామూలు వీఎఫ్‌డీతో నడపకూడదు. త్రీ ఫేజ్ మోటర్ ఉండాలి. ఆర్‌సీసీబీ కూడా ఆ డ్రైవ్‌కి సరిపడే రకం ఉండాలి, లేకపోతే ఊరికే పడిపోవచ్చు, లేదా పడాల్సినప్పుడు పడకపోవచ్చు. రెండోది ఎంత ప్రమాదమో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు. ఈ పంప్ పాతబడ్డాక, వేరియబుల్ స్పీడ్‌తోనే వచ్చే పంప్ తీసుకోవాలన్నది నా ప్లాన్.

నా మాట

గాడ్జెట్ రివ్యూల్లో మనం యాప్ బాగుందా, కనెక్టివిటీ బాగుందా అని చూస్తాం. కరెంటు, నీళ్లు కలిసేచోట ఇంకో ప్రశ్న ముందు వేయాలి: ఈ యాప్, ఈ వైఫై, ఈ రిలే మూడూ ఒకేసారి చెడిపోతే ఏమవుతుంది? "ఏమీ కాదు, మోటర్ ఆగిపోతుంది" అనే జవాబు వచ్చేదాకా దాన్ని స్మార్ట్ అనొద్దు.

పోయిన నెల మళ్లీ మొయినాబాద్ వెళ్లాం. చెల్లి ఈత దుస్తులు వేసుకుని, టవల్ భుజాన వేసుకుని గట్టు మీద నిలబడింది. దిగలేదు. "ఏం, చల్లగా ఉన్నాయా?" అన్నాను.

"బటన్ నొక్కావా?"

ఫోన్ జేబులో పెట్టి షెడ్డుకి వెళ్లాను. టెస్ట్ బటన్ నొక్కాను. టక్ మంది, పంప్ ఆగిపోయింది. ఆ చప్పుడు తనకి వినిపించింది. మళ్లీ పైకెత్తి బయటికి వచ్చేసరికి నీళ్లలో ఉంది.